నంబర్ కలిసింది సరే, ఆ ఇంజిన్ కారుతో పుట్టిందేనా?

చిన్నప్పుడు మా పెదనాన్నగారి అంబాసిడర్‌ని రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి గుంటూరు ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్తే నేనూ వెంట వెళ్లాను. ఆఫీసు బయట చెట్టు కింద ఒకాయన బానెట్ ఎత్తి, చాసిస్ నంబర్ మీద జిడ్డు గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం అంటించి, పెన్సిల్‌ని అడ్డంగా పడుకోబెట్టి రుద్దాడు. నల్లటి మసి మధ్యలోంచి అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలుతుంటే కళ్లార్పకుండా చూశాను. ఇంజిన్ నంబర్‌కీ అలాగే చేశాడు. ఆ రెండు కాగితం ముక్కలూ ఆర్‌సీతో సరిపోయాయి, పనైపోయింది. కానీ ఆ బండిలో ఉన్నది కంపెనీ బిగించిన పెట్రోల్ ఇంజిన్ కాదు, తర్వాత వేయించిన మెటడోర్ డీజిల్ ఇంజిన్. ఆ సంగతి మా ఇంట్లో పిల్లలక్కూడా తెలుసు. కాగితాల ప్రకారం మాత్రం అన్నీ కరెక్టే.

చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని మేసన్‌లో ఒక గ్యారేజీలో నిలబడినప్పుడు ఆ చెట్టు కింది పెన్సిల్ మళ్లీ గుర్తొచ్చింది. అక్కడుండే మన తెలుగు కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, 1969 షెవర్లే కమారో జెడ్/28 ఒకటి అమ్మకానికి వచ్చింది. నంబర్స్ మ్యాచింగ్ అంటున్నాడు. డబ్బు కట్టేముందు నువ్వొకసారి చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. నంబర్స్ మ్యాచింగ్ అంటే ఇంజిన్ మీది నంబరూ కారు నంబరూ కలిశాయి, ఆ ఇంజిన్ కారుతో పుట్టిందే అని అర్థం. ఆ కారు పుట్టింది కూడా అక్కడికి అరగంట దూరంలో ఉన్న నార్‌వుడ్ ఫ్యాక్టరీలోనే. 1987లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ తయారైన కార్లు మాత్రం ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి, ఒక్కో చేయి మారినప్పుడల్లా "నంబర్స్ మ్యాచింగ్" అనే మాట కూడా వాటితో పాటే ప్రయాణం చేస్తోంది.

ఆ మాటని నమ్మి మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎలా పరీక్షించాలో తెలిస్తే ఆ నష్టంలో చాలా భాగం తప్పుతుంది. అందుకే ఆ ఒక్క కారునే ఉదాహరణగా పెట్టుకుని ఈ చిక్కుముడి విప్పుతాను.

ఇంజిన్ మీదే ఎందుకింత పట్టు?

1969 కమారోకి పదమూడు స్థానాల వాహన నంబర్ ఉంటుంది. అద్దం కింద డ్యాష్‌బోర్డు మీద చిన్న రేకు మీద కనిపిస్తుంది. 124379ఎన్6 అని మొదలైతే, మొదటి 1 షెవర్లే, 24 అంటే వీ8 (ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో ఉండే) ఇంజిన్ ఉన్న కమారో, 37 అంటే రెండు తలుపుల కూపే, 9 అంటే 1969, ఎన్ అంటే నార్‌వుడ్. లాస్ ఏంజెలస్ ఫ్యాక్టరీది అయితే ఎల్ ఉంటుంది. ఆ తర్వాతి ఆరంకెలు వరుస సంఖ్య, అది 500001తో మొదలైంది.

చిక్కంతా ఎక్కడుందంటే, ఈ నంబర్ "వీ8" అని మాత్రమే చెబుతుంది. ఏ వీ8 అన్నది చెప్పదు. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి కొన్న మామూలు వీ8 కమారోకీ, రేసు కోసం పుట్టిన జెడ్/28కీ ఆ రేకు మీద ఒకే రకం నంబర్. ఇంజిన్ ఏదో చెప్పే అక్షరం షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ వాహన నంబర్‌లోకి వచ్చింది 1972 మోడళ్లతోనే. కాబట్టి 1969 కారు నిజంగా జెడ్/28 అవునా కాదా అన్న ప్రశ్నకి పెద్ద సాక్షి ఇంజినే.

జెడ్/28 అసలు ఎందుకు పుట్టిందో ఒక్క మాట. అమెరికాలో జరిగే ట్రాన్స్-యామ్ రేసుల్లో ఇంజిన్ 305 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 5 లీటర్లు దాటకూడదని నిబంధన. షెవర్లే వాళ్లు 327 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ బ్లాకులో (సిలిండర్లుండే ఇనుప దిమ్మలో) 283 ఇంజిన్ క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పెట్టారు. 4 అంగుళాల బోరు (సిలిండర్ వెడల్పు), 3 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), ఎనిమిది సిలిండర్లకి లెక్క వేస్తే 302. కాగితం మీద 290 హార్స్‌పవర్. 1967లో 602 కార్లు మాత్రమే చేశారు, 1969కి వచ్చేసరికి ఆ సంఖ్య 20,302 అయింది. ఆ ఏడాది మొత్తం కమారోలు 2,43,085. అంటే జెడ్/28గా మార్చడానికి పనికొచ్చే మామూలు కార్లు లక్షల్లో ఉన్నాయన్నమాట.

ఇంకో సంగతి. 302, 327, 350 ఇంజిన్లు మూడింటికీ బోరు అదే 4 అంగుళాలు. తేడా అంతా లోపలి క్రాంక్‌లో ఉంది. బయట నిలబడి చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. రేసుల్లో వాడిన ఇంజిన్ పగిలిపోతే యజమాని దగ్గర్లో దొరికిన 350 బ్లాకు తెచ్చి పెట్టుకునేవాడు. అప్పట్లో అది తప్పేమీ కాదు, రిపేరు. కారుకి పదేళ్లు నిండకముందే చాలా జెడ్/28లు తమ ఇంజిన్లని ఇలాగే పోగొట్టుకున్నాయి.

రెండు రకాల అక్షరాలు

ఇంజిన్ బ్లాకు మీద రెండు రకాల అక్షరాలు ఉంటాయి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే.

మొదటివి పైకి పొంగి ఉండే అక్షరాలు. కరిగిన ఇనుము అచ్చులో పోసినప్పుడే వచ్చేవి, ఇనుముతో పాటే పుట్టేవి. పోత నంబర్, పోత తేదీ ఇలా ఉంటాయి. రెండోవి లోపలికి దిగిన అక్షరాలు. పోత పోసి, చదును చేశాక, పంచ్ పెట్టి సుత్తితో కొట్టినవి. మన ఆర్టీవో ఆఫీసు దగ్గర పెన్సిల్ ప్రింట్ తీసేది ఈ పంచ్ నంబర్లకే.

పొంగిన అక్షరాన్ని దొంగగా సృష్టించడం చాలా కష్టం. గీకేసి ఇంకోటి అతికించాలి, చుట్టూ ఉన్న ఇసుక అచ్చు గరుకుతనం తిరిగి తేవాలి. దిగిన అక్షరాన్ని కొట్టడానికి పంచ్ సెట్టు, సుత్తి చాలు. అయినా అమ్మేవాళ్లు చూపించేదీ, కొనేవాళ్లు చూసేదీ రెండో రకాన్నే. ఎందుకంటే కారు నంబర్‌తో కలిసేది అదే కదా.

కమారోలో ఆ పంచ్ నంబర్ ఇంజిన్ ముందు భాగంలో, కారులో కూర్చున్నవాళ్ల కుడివైపు సిలిండర్ హెడ్‌కి (బ్లాకు మీద మూతలా కూర్చునే భాగానికి) కాస్త ముందు ఉంటుంది. బొటనవేలి వెడల్పున చిన్న చదును స్థలం, ప్యాడ్ అంటారు. 1969లో ఆల్టర్నేటర్ కూడా అటే ఉండటం వల్ల దాని వెనక దాక్కుంటుంది. అక్కడ రెండు ముద్రలు కనిపించాలి. ఒకటి ఇంజిన్ ఫ్యాక్టరీ వాళ్లది. మేసన్‌లో ఆ రోజు చూసిన దాని మీద వీ0402డీజెడ్ అని ఉంది. వీ అంటే మిషిగన్‌లోని ఫ్లింట్ ఇంజిన్ ప్లాంటు, 0402 అంటే ఏప్రిల్ 2, డీజెడ్ అంటే 1969 జెడ్/28 ఇంజిన్. రెండోది కారు ఫ్యాక్టరీ వాళ్లది: 19ఎన్6 తో మొదలై, కారు వరుస సంఖ్యతో ముగుస్తుంది. 1968 మోడళ్ల నుంచి ఇలా కారు నంబర్‌ని ఇంజిన్ మీదా గేర్‌బాక్స్ మీదా కొట్టడం మొదలైంది. 1969 కార్లలో కొన్నింటికి ఈ రెండో ముద్ర ప్యాడ్ మీద కాక, ఆయిల్ ఫిల్టర్ పైన గరుకు ఇనుము మీద ఉంటుంది. అక్కడ ఉందని అనుమానపడక్కర్లేదు.

బ్రేక్ క్లీనర్ కొట్టి, చెక్క పుల్లతో రంగు మెల్లగా గీకాను. స్క్రూడ్రైవర్‌తోనో ఇసుక కాగితంతోనో ఆ చోట ఎప్పుడూ ముట్టుకోకూడదు, ఉన్న సాక్ష్యం చెరిగిపోతుంది. గుంటూరులో చూసినట్టే కాగితం పెట్టి పెన్సిల్ రుద్దాను. వీ0402డీజెడ్, దాని కింద కారు నంబర్. డ్యాష్‌బోర్డు మీద రేకుతో ఒక్కో అంకె పోల్చుకున్నాం. అన్నీ కలిశాయి. మావాడి మొహం వెలిగిపోయింది.

పెన్సిల్ చెప్పిన ఇంకో సంగతి

పెన్సిల్ ప్రింట్‌లో అంకెలే కాదు, వాటి వెనక ఉన్న ఇనుము చర్మం కూడా దిగుతుంది. అసలు విషయం అక్కడే ఉంటుంది.

షెవర్లే ఫ్యాక్టరీలో బ్లాకు పైముఖాన్ని చదును చేసే యంత్రం పేరు బ్రోచ్. వరుస పళ్లున్న పొడవాటి కోత పనిముట్టు బ్లాకు ముందు నుంచి వెనక్కి ఒకే ఈడ్పున పోతుంది. హెడ్ కూర్చునే ముఖమూ, దాని ముందున్న ఈ ప్యాడూ ఒకేసారి తెగుతాయి. అందుకే ఫ్యాక్టరీ ప్యాడ్ మీద ముందు నుంచి వెనక్కి సన్నటి, తిన్నటి, సమాంతరమైన గీతలు ఉంటాయి. వీటినే బ్రోచ్ మార్క్స్ అంటారు. కొత్త దువ్వెనతో దువ్విన పాపిడి పక్క జుట్టు ఎలా ఉంటుందో అలా ఉంటాయి. ముద్రలు ఆ గీతల మీద పడతాయి, అంచున గీత కాస్త వంగి అక్షరంలోకి దిగినట్టు కనబడుతుంది.

ఇప్పుడు ఆ ఇంజిన్ ఎప్పుడో వేడెక్కి హెడ్ వంగిందనుకోండి. మెకానిక్ బ్లాకుని లేత్ షాపుకి పంపి ఫేసింగ్ కొట్టిస్తాడు. గుండ్రంగా తిరిగే కట్టర్ పైముఖాన్ని రెండు మూడు వెంట్రుకల మందం తీసేస్తుంది. ప్యాడ్ మీది ముద్రలు కూడా పోతాయి, గీతల బదులు విల్లు ఆకారపు వంపు గీతలు వస్తాయి. మంచి షాపు వాళ్లు ప్యాడ్‌ని వదిలేసి మిగతాది కోస్తారు. కాబట్టి ప్యాడ్ మీద వంపు గీతలుండి, వాటి మీద అందమైన ఫ్యాక్టరీ నంబర్ ఉంటే, ఆ నంబర్ ఫ్యాక్టరీ తర్వాత ఎవరో కొట్టిందే. అలా కొట్టిన వాళ్లందరూ దొంగలని అనను. సొంత ఇంజిన్‌కే ఫేసింగ్ చేయించి, పోయిన నంబర్‌ని తిరిగి కొట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. చిక్కేమిటంటే ఆ తర్వాత నిజాయితీగా కొట్టిందీ, మోసానికి కొట్టిందీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. అందుకే ఆ పని ఎప్పుడూ చేయించుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ముద్ర లేని ప్యాడ్‌కి కనీసం ఫేసింగ్ బిల్లు జతచేసి పెట్టుకోవచ్చు. మళ్లీ కొట్టిన ముద్రని ఎవరూ నమ్మరు.

తెలివైనవాళ్లు బ్రోచ్ గీతల్ని కూడా నకలు చేస్తారు. గరుకు కాగితంతో గీస్తే గీతలు వస్తాయి గానీ ఒకే లోతులో ఉండవు, అంచుల దగ్గర పక్కకి జారతాయి. హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే పలచటి పొర) కిందకి వెళ్లే చోట ఆగిపోతాయి, ఎందుకంటే అక్కడికి చేయి పోదు. అసలు గీతలైతే హెడ్ కిందకి అలాగే సాగిపోతాయి. ముద్రల రూపం కూడా చూడాలి. ఇంజిన్ ముద్ర ఫ్లింట్‌లో పడింది, కారు నంబర్ ముద్ర నార్‌వుడ్‌లో పడింది. రెండు వేర్వేరు ఊళ్లు, వేర్వేరు పంచ్‌లు, వేర్వేరు చేతులు. అక్షరాల ఆకారం, లోతు రెండింటికీ ఒకేలా ఉంటే అది మంచి సంకేతం కాదు. వంకరగా ఉంది కాబట్టి నకిలీ అనుకోవడం మాత్రం పొరపాటు. గంటకి ఇన్ని ఇంజిన్లు అని కొట్టుకుంటూ పోయే కార్మికుడి చేతిలో ముద్ర వంకర పోవడం మామూలే.

మేసన్ కారు ప్యాడ్ మీద గీతలు తిన్నగానే ఉన్నాయి. కానీ హెడ్ దగ్గరికి వచ్చేసరికి పలచబడుతున్నట్టు నాకు అనిపించింది. "అనిపించింది" అనే రాస్తున్నాను. యాభై ఏళ్ల తుప్పు, రంగు, నూనె మధ్య ఇలాంటివి కచ్చితంగా చెప్పడం ఎవరితరమూ కాదు. మావాడికి కూడా అదే చెప్పి, ఇంజిన్ వెనక్కి వెళ్లాను.

మూడు తేదీలు వరుసలో ఉండాలి

ఒరిజినల్ ఇంజిన్ ఉన్న కారులో మూడు తేదీలు ఒకదాని వెనక ఒకటి నడవాలి. ముందు బ్లాకు పోత పోస్తారు. తర్వాత కొన్ని రోజులకో వారాలకో ఇంజిన్ బిగించి ముద్ర కొడతారు. ఆ తర్వాత ఇంజిన్ లారీలోనో రైల్లోనో కారు ఫ్యాక్టరీకి చేరాక కారు తయారవుతుంది. మామూలుగా ఇదంతా కొన్ని వారాల్లో ముగుస్తుంది. పోత తేదీకీ కారు తేదీకీ మధ్య ఆరు నెలలు దాటితే పాత కార్ల పరీక్షకులు గట్టిగా ప్రశ్నలు వేస్తారు.

కారు తేదీ ఎక్కడ దొరుకుతుంది? ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ సీట్ల భాగానికీ మధ్య ఉండే రేకు గోడ) మీద రివెట్లతో బిగించిన ట్రిమ్ ట్యాగ్ అనే చిన్న రేకు మీద. మేము చూసిన దాని మీద 04సీ అని ఉంది, అంటే ఏప్రిల్ మూడో వారం. అదే రేకు మీద ఎక్స్33 అని కూడా ఉంది. 1968 చివరి నుంచి నార్‌వుడ్ వాళ్లు ఈ ఎక్స్ కోడ్లు వేయడం మొదలుపెట్టారు. ఎక్స్33, ఎక్స్77 ఉంటే జెడ్/28. కొత్తగా అచ్చు వేసిన ట్యాగులు కూడా అమ్ముతారు కాబట్టి రివెట్ల తలలు, వాటి చుట్టూ రంగు చూశాను. ఎవరూ కదిపినట్టు లేదు. ఈ కార్ల బాడీ మీద ఇంకో రెండు చోట్ల, హీటర్ బాక్స్ వెనకా, వైపర్ల దగ్గరి కౌల్ కిందా, దాచిన నంబర్లుంటాయి. కౌల్ కింది నంబర్ చూశాం, సరిపోయింది. అంటే బాడీ నిజమైనదే. ఇంజిన్ ఏప్రిల్ 2, కారు ఏప్రిల్ మూడో వారం. ఇంతవరకూ చక్కగా నడిచింది.

ఇక పోత తేదీ. అది బ్లాకు వెనక అంచున, గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు డొల్ల బిగించే చోట, కుడివైపు ఉంటుంది. ఎడమవైపు పోత నంబర్. ఫైర్‌వాల్‌కీ ఇంజిన్‌కీ మధ్య అరచేయి దూరే సందు. ఒకప్పుడు దంతవైద్యుల అద్దం, టార్చి పెట్టి తంటాలు పడేవాళ్లు. ఇప్పుడు ఫోన్ కెమెరా ఆన్ చేసి లోపలికి దింపితే చాలు. పోత నంబర్ 3970010 వచ్చింది. 1969 జెడ్/28లలో వాడిన మూడు పోత నంబర్లలో అది ఒకటి, మిగతావి 3932386, 3956618. ఇదీ మంచి సంకేతమే అనుకున్నాం. తేదీ అక్షరాలు నారింజ రంగు పొరల కింద ఉబ్బినట్టుగా కనిపించాయి. ఒక అక్షరం, 14, తర్వాత 9.

ఈ తేదీని చదివే పద్ధతి తేలికే. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అలా ఎల్ దాకా డిసెంబర్. తర్వాత తారీఖు, చివర సంవత్సరంలో ఆఖరి అంకె ఒక్కటే. మొదటి అక్షరం మావాడు బీ అన్నాడు. బీ అయితే 1969 ఫిబ్రవరి 14. ఏప్రిల్ ఇంజిన్‌కి సరిగ్గా సరిపోతుంది. నాకూ అలాగే అనిపించింది. వెళ్లిపోయి టీ తాగుదామా అనుకున్న మాట నిజం. కానీ బీకి కుడివైపు పొట్టలు ఉండాలి కదా, అక్కడ రంగు పేరుకుని ఉందా, ఇనుమే ఉందా తెలియలేదు. గుడ్డకి థిన్నర్ అద్ది, ఆ సందులో వేళ్లు పెట్టి, ఓ పది నిమిషాలు మెల్లగా రుద్దాను. రంగు పొర ఊడి చేతికొచ్చింది. మళ్లీ ఫోన్ దింపి చూస్తే పొట్టలు లేవు. మూడు అడ్డగీతలు. అది ఈ.

ఈ 14 9. మే 14.

ఏప్రిల్ 2న బిగించిన ఇంజిన్ అని ముందు ప్యాడ్ చెబుతోంది. ఆ బ్లాకు ఇనుము కరిగించి పోసింది మే 14న అని వెనక అంచు చెబుతోంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది. అంతేకాదు, ఆ 3970010 బ్లాకుని షెవర్లే 1969 నుంచి 1970ల చివరి దాకా పోస్తూనే ఉంది. సంవత్సరానికి ఒక్క అంకే వేస్తారు కాబట్టి ఆ 9 అంటే 1969 కావచ్చు, 1979 కావచ్చు. ఏదైనా ఒకటే, ఏప్రిల్ కారులో పుట్టిన ఇంజిన్ అది కాలేదు. ఎవరో ఎప్పుడో వేరే బ్లాకు తెచ్చి, ప్యాడ్ చదును చేసి, గీతలు గీసి, నంబర్లు కొట్టారు. పోత తేదీ ఎవరూ చూడరన్న నమ్మకంతో రంగు మందంగా వేశారు.

అమ్మే ఆయన వయసులో పెద్దాయన. ఫోన్‌లో ఫొటో చూపించగానే చాలాసేపు మాట్లాడలేదు. తానూ పన్నెండేళ్ల క్రితం "నంబర్స్ మ్యాచింగ్" అన్న మాట నమ్మే కొన్నానని చెప్పాడు. నేను ఆయన మాట నమ్మాను. ఈ రంగంలో అబద్ధం చెప్పిన మొదటి మనిషి ఒక్కడే ఉంటాడు, తర్వాత దాన్ని మోసేవాళ్లంతా మోసపోయినవాళ్లే.

కాగితాల సంగతి

లోహం ఒక సాక్షి అయితే పాత కాగితాలు రెండో సాక్షి. 1965 నుంచి 1972 వరకు జనరల్ మోటార్స్ వారంటీ పుస్తకంతో పాటు ఒక చిన్న లోహపు పలక ఇచ్చేది. దాని పేరు ప్రొటెక్ట్-ఓ-ప్లేట్. దాని మీద కారు నంబర్, ఇంజిన్ కోడ్, తేదీ, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ వివరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. అది దొరికితే అదృష్టమే. కొన్నిసార్లు సీటు స్ప్రింగుల మధ్యనో, పెట్రోల్ ట్యాంకు పైనో ఫ్యాక్టరీ వాళ్లు వదిలేసిన బిల్డ్ షీట్, అంటే ఆ కారుకి ఏమేం బిగించాలో రాసిన కాగితం, దొరుకుతుంది. కెనడాలో అమ్మిన కారైతే జనరల్ మోటార్స్ కెనడా దగ్గర రికార్డు దొరుకుతుంది. ఫోర్డ్‌లో 1967 నుంచి వచ్చిన కార్లకి ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసి ఇచ్చే మార్టీ రిపోర్ట్ అనేది ఉంది. అమెరికాలో అమ్మిన కమారోకి అలాంటి సదుపాయం లేకపోవడమే దొంగ ముద్రలకి ఇంత గిరాకీ తెచ్చింది.

బ్రిటిష్ కార్ల కథ వేరు. జాగ్వార్ ఈ-టైప్‌కి ఇంజిన్ నంబర్ బ్లాకు మీదా, సిలిండర్ హెడ్ మీదా ఉంటుంది. కంపెనీ హెరిటేజ్ సర్టిఫికెట్‌లో చాసిస్, ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ నంబర్లు నాలుగూ పుట్టిన రోజు రికార్డు ప్రకారం ఇస్తారు. ఎంజీబీ లాంటి కార్లలో ఇంజిన్ నంబర్ చిన్న రేకు మీద ఉంటుంది, దాన్ని బ్లాకుకి రివెట్ చేస్తారు. రివెట్ విప్పి రేకుని వేరే బ్లాకుకి బిగించడానికి అరగంట చాలు. కాబట్టి అక్కడ రేకు కన్నా రివెట్ రంధ్రాల్ని చూడాలి. మన హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డర్ చేసిన 1912 రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అలాంటి కార్లకి చాసిస్ వారీగా ఇంజిన్ నంబర్‌తో సహా ఫ్యాక్టరీ రికార్డులు రాసిపెట్టారు, పరిశోధించేవాళ్లకి అదెంత పెద్ద అండో చెప్పక్కర్లేదు.

ఇంకో రకం ఇంజిన్ గురించి కూడా చెప్పాలి. వారంటీలో పాడైన ఇంజిన్ బదులు షెవర్లే కొత్త బ్లాకు ఇస్తే దాని మీద సీఈ అని ముద్ర ఉంటుంది. ఇలాంటి కారుని చాలామంది "నంబర్ కలవలేదు" అని పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం అది గౌరవించాల్సిన కారు. ఏమైందో దాచకుండా ప్యాడ్ మీదే చెబుతోంది. దాని చరిత్ర కారు చరిత్రలో భాగమే.

మన దగ్గర ఆర్‌సీ ఏం చెబుతుంది?

ఇక మన ఊళ్ల సంగతికి వస్తాను. పాత అంబాసిడర్, ఫియట్, జీపు కొనేవాళ్లు "ఆర్‌సీలో ఇంజిన్ నంబర్ కలిసింది, ఒరిజినలే" అనడం తరచూ వింటాను. ఇది పెద్ద పొరపాటు. ఇంజిన్ మార్చినప్పుడు ఆర్టీవోకి చెప్పి ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలని చట్టమే చెబుతుంది. చట్టం ప్రకారం నడిచిన మనిషి ఆర్‌సీలో ఇప్పుడున్న ఇంజిన్ నంబరే ఉంటుంది. మా పెదనాన్నగారి బండిలో జరిగింది అదే. ఆర్‌సీ కలిస్తే బండి దొంగసొత్తు కాదని కాస్త ధైర్యం వస్తుంది. ఆ ఇంజిన్ బండితో పుట్టిందని మాత్రం అది చెప్పదు.

మన దగ్గర ఇంజిన్ మార్పిడికి కారణం రేసులు కాదు, పెట్రోల్ ధర. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌తో వచ్చిన అంబాసిడర్‌లో డీజిల్ ఇంజిన్ వేయించుకోవడం కోస్తా జిల్లాల్లో చాలా మామూలు. పొలానికీ ఊరికీ తిరిగే కుటుంబానికి అది బతుకుదెరువు లెక్క. కాబట్టి పాత బండి చూసేటప్పుడు మొదటి ఆర్‌సీ కాపీ, పాత టాక్స్ రసీదులు, పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి. వాటిలో ఇంజిన్ నంబర్ ఎక్కడ మారిందో, "ఇంధనం" అన్న గడిలో పెట్రోల్ ఎప్పుడు డీజిల్ అయిందో కనిపిస్తుంది. ఇంజిన్ మౌంటింగులు చూడండి. కంపెనీ బ్రాకెట్ పక్కన గ్యాస్ వెల్డింగ్ చేసిన ఇనుప ముక్క ఉంటే, మళ్లీ పెట్రోల్ ఇంజిన్ పెట్టినా, మధ్యలో ఇంకోటి వచ్చి వెళ్లిందని అర్థం.

2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల వల్ల ఈ విషయానికి ఇప్పుడు చట్టపరమైన బరువు కూడా వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్‌లోనూ బాడీలోనూ ఇంజిన్‌లోనూ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంచిన బండినే వింటేజ్ వాహనంగా గుర్తిస్తారు. దానికి నంబర్ ప్లేటులో వీఏ అనే అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. 1970ల అంబాసిడర్లు ఇప్పుడు ఆ గీత దాటుతున్నాయి. ఇంట్లో షెడ్డులో బండి పెట్టుకున్నవాళ్లు పాత కాగితాలు చెదలు తినకముందే బయటికి తీయడం మంచిది.

పంచ్ నంబర్‌ని గీకేసినా లోపలి లోహం నొక్కుకుపోయి ఉంటుంది కాబట్టి, ఫోరెన్సిక్ ల్యాబుల్లో రసాయనాలు పూసి పాత అంకెల్ని మళ్లీ పైకి తేవడం జరుగుతుంటుంది. దొంగ బండ్ల కేసుల్లో వాడే పద్ధతి ఇది. ఉక్కు మీద వచ్చినంత తేలిగ్గా పోత ఇనుము మీద రాదు, పైగా ఫేసింగ్‌లో లోతుగా కోసేస్తే ఇక మిగిలేదేమీ ఉండదు. సొంతంగా యాసిడ్ పూసే ప్రయోగాలు మాత్రం చేయకండి.

మేసన్ కారు చివరికి ఏమైందో చెప్పాలి. ఎక్స్33 ట్యాగ్ నిజమైనది, బాడీ నంబర్లు కలిశాయి, గేర్‌బాక్స్ మీద కూడా అదే కారు నంబర్ ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంటే అది నిజంగా జెడ్/28గానే పుట్టింది, ఇంజిన్ ఒక్కటే పోగొట్టుకుంది. మావాడు రెండు రోజులు ఆలోచించి, ఇంజిన్ పోయిన కారుకి తగిన ధర చెప్పాడు. పెద్దాయన ఒప్పుకున్నాడు. అమ్మకం కాగితం మీద "ఇంజిన్ ఈ కారుతో వచ్చినది కాదు, బ్లాకు పోత తేదీ మే 14" అని రాయమంటే ఆయన తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. నేను తీసిన పెన్సిల్ ప్రింట్, ఈ 14 9 ఫొటో, ట్రిమ్ ట్యాగ్ ఫొటో అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మావాడు గ్లోవ్ బాక్స్‌లో దాచాడు. ఆ కారు రేపు ఎవరి చేతికి వెళ్లినా ఆ కవరు కూడా వెళ్తుంది.